ఎనిమిది కర్బనాల కథ: మావాడు తరగతిలో ఎందుకు తింటాడు?

మన తెలుగు బడిలో మొదటి రోజునే చెప్పే నియమం ఒకటుంది. తరగతి జరుగుతున్నంత సేపూ ఎవరూ ఏమీ తినకూడదు. గుణింతాల పుస్తకాల మీద చిప్స్ పొడి నారింజ రంగులో అంటుకుపోయినప్పటి నుంచి ఆ నియమం మరింత గట్టిపడింది. అయితే రెండవ స్థాయి తరగతిలో ఒక్క పిల్లవాడు మాత్రం పదకొండు గంటలు కాగానే సంచీలోంచి డబ్బా తీసి ఒక అరటిపండో, రెండు ఇడ్లీ ముక్కలో తింటాడు. టీచరుగారు ఏమీ అనరు. పైగా వాడు మరచిపోతే ఆవిడే గుర్తు చేస్తారు. ఆ పిల్లవాడు మావాడే.

పోయిన సెమిస్టరులో అదే తరగతిలో ఒక అమ్మాయి లేచి "వాడొక్కడికే ఎందుకు టీచర్?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. టీచరుగారు ఆ ప్రశ్నను మాకు అప్పజెప్పి, "మీరే రాసివ్వండి, సావనీరుకి ఒక వ్యాసం కూడా అయిపోతుంది" అన్నారు. మేము వైద్యులం కాము. మాలో ఒకరు సాఫ్ట్‌వేర్, మరొకరు బడిలో లెక్కలు చెబుతారు. వాడు పుట్టిన దగ్గర నుంచి డాక్టర్లను అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాం. పిల్లలూ, మీకు అర్థం కాని చోట అమ్మనో నాన్ననో అడగండి. వాళ్లకీ అర్థం కాకపోతే ఆదివారం మమ్మల్ని పట్టుకోండి.

ఈ కథలో ముఖ్య పాత్ర పేరు ఆక్టనాయిల్ కో-ఎంజైమ్ ఏ. నోరు తిరగడానికి కొంచెం సమయం పడుతుంది. మన పిల్లలు "క్షీరసాగర మథనం" అనగలిగినప్పుడు దీన్ని కూడా అనగలరని మా నమ్మకం.

ముందు కొవ్వు సంగతి చూద్దాం. మనం తినే నెయ్యి, నూనె, మన ఒంట్లో దాచుకున్న కొవ్వు, వీటన్నిటిలోనూ పొడుగాటి గొలుసుల్లాంటి ఆమ్లాలు ఉంటాయి. వాటిని కొవ్వు ఆమ్లాలు అంటారు. గొలుసులో ఒక్కో లింకు ఒక్కో కర్బన పరమాణువు. పామిటిక్ ఆమ్లం అనే సర్వసాధారణమైన కొవ్వు ఆమ్లంలో పదహారు కర్బనాలు ఉంటాయి. చెరకు గడను ఊహించుకోండి. పదహారు కణుపుల గడ. మొత్తం గడను ఎవరూ ఒకేసారి నోట్లో పెట్టుకోలేరు కదా! ముక్కలు చెయ్యాలి. మన శరీరం కూడా అదే పని చేస్తుంది, ఒక్కో కోతకు రెండేసి కణుపుల చొప్పున.

రెండేసి చొప్పున కోస్తుందని ఎలా తెలిసింది? దీన్ని కనిపెట్టిన విధానం మాకు ఎంతో నచ్చింది. 1904లో జర్మనీలో ఫ్రాంజ్ నూప్ అనే శాస్త్రవేత్త కొవ్వు ఆమ్లాల తోక చివర ఒక బెంజీన్ వలయాన్ని తగిలించి కుక్కలకు తినిపించాడు. ఆ వలయాన్ని శరీరం అరిగించుకోలేదు. గడ చివర కట్టిన రిబ్బను లాంటిదన్న మాట. గడ అంతా ఖర్చయిపోయినా రిబ్బను కట్టిన చివరి ముక్క మూత్రంలో బయటికి వస్తుంది. గడలో సరి సంఖ్యలో కర్బనాలు ఉంటే రిబ్బనుకు రెండు కర్బనాలు అంటుకుని వచ్చాయి. బేసి సంఖ్యలో ఉంటే ఒక్కటే అంటుకుని వచ్చింది. ఒక్కొక్క కర్బనం చొప్పున కోస్తూ ఉంటే సరి అయినా బేసి అయినా చివరికి ఒకే రకం ముక్క రావాలి. అలా రాలేదు కాబట్టి కోత రెండేసి చొప్పునే జరుగుతోంది. ఖరీదైన యంత్రాలు ఏవీ లేకుండా, సరి బేసి లెక్కతో తేల్చేశాడు. లెక్కల టీచరుకి ఇంతకంటే ఏం కావాలి!

మరి పదహారు కణుపుల గడకు ఎన్ని కోతలు పడతాయి? పిల్లలు చాలామంది ఎనిమిది అంటారు. కాదు, ఏడు. ఏడు కోతలకు ఎనిమిది ముక్కలు వస్తాయి. కావాలంటే చపాతీ చుట్టి కోసి చూడండి.

అయితే చెరకు గడను కోసేవాడు ముందు దాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోవాలి. కొవ్వు ఆమ్లాన్ని అలా పట్టుకునే చెయ్యి పేరే కో-ఎంజైమ్ ఏ. దాన్ని ముద్దుగా కో-ఏ అంటారు. కొవ్వు ఆమ్లం ఉత్తగా ఉన్నంతకాలం శరీరంలోని ఏ కత్తీ దాన్ని ముట్టుకోదు. కో-ఏ చెయ్యి తగులుకున్నాక మాత్రమే పని మొదలవుతుంది. ఈ చెయ్యి ఎంత పెద్దదంటే, ఎనిమిది కర్బనాల కొవ్వు ఆమ్లం అణుభారం సుమారు 144 అయితే, కో-ఏ అణుభారం సుమారు 767. చంటిపిల్ల కంటే ఉయ్యాల అయిదు రెట్లు బరువన్న మాట. ఆ రెండూ కలిస్తే వచ్చేదే ఆక్టనాయిల్ కో-ఏ. ఆక్టా అంటే ఎనిమిది. మన అష్టకి దగ్గరి చుట్టం.

ఈ కో-ఏని ఫ్రిట్జ్ లిప్‌మన్ అనే శాస్త్రవేత్త 1940లలో బోస్టన్ నగరంలోని మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పనిచేస్తూ కనిపెట్టాడు. ఆయన కూడా మనలాగే వలస వచ్చినవాడు. జర్మనీలో పుట్టి, 1939లో అమెరికా చేరాడు. 1953లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. పేరు చివర ఉన్న ఏ అక్షరం ఎసిటేటును చురుకుగా చేసే గుణాన్ని సూచిస్తుంది. ఆ తరువాత 1951లో మ్యూనిక్‌లో ఫియోడోర్ లైనెన్ బృందం, కో-ఏ చేతిని పట్టుకున్న రెండు కర్బనాల ముక్కను, అంటే ఎసిటైల్ కో-ఏని, ఈస్టు నుంచి పట్టుకుంది. గడను కోస్తే వచ్చే ఎనిమిది ముక్కలూ అవే.

ఇక్కడ మన తెలుగువాళ్లు కాస్త ఆగి వినవలసిన సంగతి ఒకటుంది. కో-ఏ ఏమేమి కలిస్తే తయారవుతుందో చూస్తే, ఒక కొసన ఏటీపీలో ఉండే అడినోసిన్ భాగం, మధ్యలో పాంటోథినిక్ ఆమ్లం అనే విటమిను, రెండో కొసన గంధకం ఉన్న చిన్న ముక్క కనబడతాయి. ఆ గంధకమే కొవ్వు ఆమ్లాన్ని పట్టుకునే వేలు. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇందులో మొదటి రెండింటి చరిత్రలోనూ ఉన్నారు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. పాంటోథినిక్ ఆమ్లాన్ని 1933లో రోజర్ విలియమ్స్ కనిపెట్టగా, ఎలుకల పోషణలో దాని పాత్ర గురించి 1939లో సుబ్బారావుగారు జార్జ్ హిచింగ్స్‌తో కలిసి పరిశోధన పత్రం ప్రచురించారు. ఆ హిచింగ్స్‌కి తరువాత 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావుగారు 1948లోనే వెళ్లిపోయారు. ఆయన పేరు మన పిల్లల అమెరికన్ సైన్సు పుస్తకాల్లో ఎక్కడా కనబడదని మాకు కొంచెం కినుకగా ఉంటుంది. ఇక్కడైనా ఒకసారి రాసుకున్నాం.

సరే, గడ దగ్గరికి వద్దాం. కొవ్వు కోత జరిగే చోటు కణంలోని మైటోకాండ్రియా. ఒక్కో కోతకు నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు మీద ఉండే కత్తి ఒక్కటి కాదు. పొడవు గడలకు ఒకటి, మధ్యరకానికి ఒకటి, పొట్టి వాటికి ఇంకొకటి. వడ్రంగి దగ్గర రకరకాల రంపాలు ఉన్నట్టు. మధ్యరకం గడల కత్తి పేరు చాలా పొడుగు కాబట్టి డాక్టర్లు దాన్ని ఎంక్యాడ్ అంటారు. పన్నెండు, పది, ఎనిమిది, ఆరు కర్బనాల గొలుసుల బాధ్యత ముఖ్యంగా దీనిదే.

మావాడికి ఆ కత్తి లేదు. లేదంటే పూర్తిగా లేదని కాదు, వాడి ఒంట్లో తయారయ్యేది సరిగా తెగదు.

వాడు పుట్టిన మరునాడు ఆసుపత్రిలో నర్సు మడమ మీద చిన్న పోటు పొడిచి, గుండ్రటి గుర్తులున్న ఒక దళసరి కాగితం మీద నాలుగైదు రక్తపు చుక్కలు అద్దుకుని వెళ్లింది. పిల్లవాడు ఏడ్చాడు, మేము ఫొటోలు తీసుకోవడంలో మునిగిపోయాం. ఆ కాగితాన్ని 1960లలో రాబర్ట్ గత్రీ అనే వైద్యుడు వేరే జబ్బు కోసం వాడుకలోకి తెచ్చాడు. ఆ చుక్కల్లోంచి ఒకే పరీక్షతో అనేక జబ్బులు చూడవచ్చని నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లింగ్టన్ బృందం 1990 ప్రాంతంలో చూపించింది. ఇప్పుడు అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ ఎంక్యాడ్ లోపం పరీక్ష చేస్తారు. ఇంగ్లండులో 2009 నుంచి చేస్తున్నారు. భారతదేశంలో ఈ పరీక్ష దేశమంతటా తప్పనిసరి కాదు. కాన్పుకి ఇండియా వెళ్లే వాళ్లు అక్కడ పిల్లల డాక్టరుగారిని ప్రత్యేకంగా అడిగి చేయించుకోవచ్చు.

అయిదో రోజు సాయంత్రం ఫోను వచ్చింది. ఇల్లంతా చుట్టాలు, బాలింతకు కారప్పొడి నూరుతున్న చప్పుడు. ఫోనులో ఆవిడ నెమ్మదిగా రెండు సార్లు చెప్పింది: "మీ బాబుకి ఆక్టనాయిల్ కార్నిటీన్ ఎక్కువగా ఉంది. వాడు పాలు తాగుతున్నాడా? రాత్రి మూడు గంటలకొకసారి లేపి పట్టండి. రేపు పొద్దున్నే రండి." కాగితం మీద రాసుకున్న ఆ పేరును ఆ రాత్రి ఎన్ని సార్లు చదివామో లెక్కలేదు.

ఆ పేరు వెనుక సంగతి ఇది. పదహారు కర్బనాల గడను పొడవు కత్తి కోస్తూ వస్తుంది. పద్నాలుగు, పన్నెండు, అలా తగ్గుతూ పది, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి మధ్యరకం కత్తి లేక పని ఆగిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా ఎనిమిది కర్బనాల దగ్గర పేరుకుపోతుంది. అంటే కో-ఏ చెయ్యి ఎనిమిది కర్బనాల ముక్కను పట్టుకుని వదల్లేక అలాగే నిలబడిపోతుంది. ఒకరిద్దరు కాదు, వేల చేతులు. ఈ చేతులన్నీ ఖాళీ అయితే కదా మిగతా పనులు జరిగేది! అందుకని శరీరం ఒక ఉపాయం చేస్తుంది. ఆ ముక్కను కో-ఏ చేతిలోంచి తీసి కార్నిటీన్ అనే వేరే పదార్థానికి అప్పజెప్పి బయటికి పంపేస్తుంది. మామూలుగా కార్నిటీన్ పని పొడవు గొలుసులను మైటోకాండ్రియాలోకి మోసుకెళ్లడం. కష్టకాలంలో ఖాళీ బండిలో చెత్త ఎత్తుకుపోవడానికి కూడా పనికొస్తుంది. కో-ఏ కణం గోడ దాటి రాలేదు, కార్నిటీన్ మాత్రం రక్తంలోకి రాగలదు. అలా వచ్చిందే ఆ మడమ చుక్కలో దొరికింది.

దాన్ని పట్టుకున్న యంత్రం అణువులను తూకం వేస్తుంది. మొదట అణువును మొత్తంగా తూస్తుంది, తరువాత పగలగొట్టి ముక్కను తూస్తుంది. మొత్తం బరువు 288, పగలగొడితే వచ్చిన ముక్క బరువు 85 అయితే, అది ఆక్టనాయిల్ కార్నిటీనే. మా డాక్టరుగారు ఒకసారి పరిశోధనశాలలో అసలు ఆక్టనాయిల్ కో-ఏ చిన్న సీసాను కూడా చూపించారు. తెల్లటి పొడి, మిల్లీగ్రాముల లెక్కన, మైనస్ 20 డిగ్రీల చలిపెట్టెలో దాచుకుంటారు. పిల్లల రక్తకణాల్లో ఎంక్యాడ్ కత్తి ఎంత పదునుగా ఉందో తేల్చుకోవాలంటే, ఈ పొడిని వాటికి అందించి ఎంత వేగంగా కోస్తాయో చూస్తారట. మా ఇంట్లో ఇంత గొడవకు కారణమైన పదార్థం చిటికెడు ఉప్పు కంటే తక్కువగా సీసా అడుగున కూర్చుని ఉంటే చిత్రంగా అనిపించింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కత్తి లేకపోతే ఏమవుతుంది? కడుపు నిండా తిన్నప్పుడు ఏమీ కాదు. మావాడు మీ అందరి లాగే పరిగెడతాడు, పోట్లాడతాడు, హోంవర్కు ఎగ్గొడతాడు. చిక్కంతా ఖాళీ కడుపుతోనే.

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారుతుంది. కొంత గ్లూకోజును కాలేయం గ్లైకోజన్‌గా దాచుకుంటుంది. పెద్దవాళ్లకు ఆ నిల్వ ఇంచుమించు ఒక రోజు వస్తుంది. చిన్నపిల్లలకు కొన్ని గంటలే. అది అయిపోయాక శరీరం కొవ్వును కోయడం మొదలుపెడుతుంది. ఆ కోతలో వచ్చిన ముక్కలతో కాలేయం కీటోన్లు తయారు చేసి మెదడుకు పంపుతుంది. అదే కోతలో వచ్చిన శక్తితో కొత్త గ్లూకోజు కూడా తయారు చేస్తుంది. కత్తి లేని వాళ్లలో ఈ రెండూ సరిగా జరగవు. గ్లూకోజు అయిపోతుంది, బదులు వంటచెరుకు రాదు. పిల్లవాడు మందంగా, మత్తుగా అయిపోతాడు, వాంతులు పెట్టుకుంటాడు, తరువాత ఫిట్సు, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. ఈ జబ్బును వైద్యులు 1980ల మొదట్లో గుర్తించారు. పరీక్ష లేని రోజుల్లో మొదటి దెబ్బకే సుమారు అయిదుగురిలో ఒకరు పోయేవారట. నిద్రలో కారణం తెలియకుండా పోయారని రాసిన పసిపిల్లల్లో కొందరిది ఇదే జబ్బు అని తరువాత తేలింది. ఈ వాక్యం రాయడానికి మాకు చాలాసేపు పట్టింది.

మందు ఏమిటి అని అందరూ అడుగుతారు. తిండే మందు. తీపి పదార్థమో అన్నమో లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరుగుతుంది, ఒంట్లో కొవ్వు కరగడం ఆగుతుంది. అంతే కాదు, తిండి దొరికినప్పుడు కాలేయంలో మలోనిల్ కో-ఏ అనే ఇంకో చెయ్యి తయారై, కొవ్వు గొలుసులు మైటోకాండ్రియాలోకి వెళ్లే గేటును మూసేస్తుంది. దీన్ని 1977లో డాలస్‌లో మెక్‌గ్యారీ, ఫాస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు కనిపెట్టారు. గేటు మూస్తే గడలు లోపలికి రావు. గడలు రాకపోతే కత్తి అవసరమే లేదు. పదకొండు గంటల అరటిపండు చేసే పని అదే. నిజానికి వాడి వయసుకి, ఆరోగ్యంగా ఉన్న రోజున, రెండు గంటల తరగతి ఏమాత్రం ప్రమాదం కాదు. కానీ ఆదివారం వాడు పొద్దున సరిగా తినడు, తరగతి తరువాత సాంస్కృతిక కార్యక్రమాల రిహార్సల్ అని సాగుతూనే ఉంటుంది. అందుకని అలవాటుగా పెట్టుకున్నాం.

అసలు కష్టం జబ్బు చేసినప్పుడే. మన ఇళ్లల్లో తరతరాలుగా ఒక మాట ఉంది, లంఖణం పరమౌషధం అని. జ్వరం వచ్చినా వాంతులైనా ఒక పూట పస్తు పెట్టడం, మర్నాడు జావ పట్టడం. మనలో చాలామందిమి అలాగే పెరిగాం, ఏమీ కాలేదు. మావాడి విషయంలో మాత్రం ఆ పస్తే విషం. వాడి పద్నాలుగో నెలలో ఒక శనివారం రాత్రి కడుపులో వైరస్ చేరి వాంతులు మొదలయ్యాయి. అప్పుడు మా ఇంట్లో ఉన్న అమ్మమ్మ "ఏమీ పెట్టకండమ్మా, కడుపుకి విశ్రాంతి ఇవ్వండి, తెల్లారేసరికి తేలిపోతాడు" అన్నారు. ఆవిడ అనుభవం ఆవిడది, అయిదుగురిని పెంచిన తల్లి. "లేదత్తయ్యా, వీడికి పస్తు పనికిరాదు" అని చెబుతూనే కారు తీశాం.

అత్యవసర విభాగంలో కౌంటరు దగ్గర రక్తంలో చక్కెర చూసి "బాగానే ఉంది, కూర్చోండి, పిలుస్తాం" అన్నారు. గది నిండా జనం. ఈ జబ్బులో చక్కెర పడిపోవడం చివరన వచ్చే లక్షణం. అది బాగున్నంత మాత్రాన పిల్లవాడు బాగున్నట్టు కాదు. ఆ సంగతి మా స్పెషలిస్టు రాసి ఇచ్చిన అత్యవసర ఉత్తరంలో మొదటి వరుసలోనే ఉంది. మాలో ఒకరం ఉత్తరాన్ని కౌంటరు మీద పెట్టి అక్కడే నిలబడ్డాం, ఇంకొకరం స్పెషలిస్టు ఆన్‌కాల్ నంబరుకు ఫోను చేసి ఆ ఫోను కౌంటరు ఆవిడకే ఇచ్చాం. మామూలుగా మేము గట్టిగా మాట్లాడే మనుషులం కాము. ఆ రాత్రి మాట్లాడాం. అరగంటలో పదిశాతం గ్లూకోజు సెలైన్ ఎక్కించారు. తెల్లవారుజామున అయిదింటికి వాడు కళ్లు తెరిచి మొట్టమొదట అడిగింది "ఇల్లీ". ఇడ్లీ అని అర్థం.

అమ్మమ్మగారు తరువాత మొత్తం విని, తన స్నేహితులందరికీ ఫోనులో ఆక్టనాయిల్ అని చెబుతూ ఉంటే మేము ఆశ్చర్యపోయాం. ఇప్పుడు మా ఇంట్లో వాడిని పడుకునే ముందు పెరుగన్నం తినకుండా వదిలిపెట్టనిది ఆవిడే. ఉపవాసాల రోజున వాడు పక్కన చేరి "నేనూ ఉంటాను" అంటే "నీ వంతు కూడా నేనే ఉంటున్నాలే" అంటారు.

చుట్టాలు వేసే ఇంకో ప్రశ్న, ఇది ఎవరి వైపు నుంచి వచ్చిందని. రెండు వైపుల నుంచీ సమానంగా వచ్చింది. ఈ కత్తిని తయారు చేసే జన్యువు మొదటి క్రోమోజోము మీద ఉంటుంది. ప్రతి ఒక్కరికీ అమ్మ ఇచ్చినది ఒకటి, నాన్న ఇచ్చినది ఒకటి, రెండు ప్రతులుంటాయి. ఒక్కటి పాడైతే ఏ ఇబ్బందీ ఉండదు, ఆ సంగతి తెలియను కూడా తెలియదు. మా ఇద్దరిలోనూ ఒక్కో ప్రతి పాడై ఉంది. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరి వంతున ఈ లోపం రావచ్చు. ఇది ఉత్తర ఐరోపా మూలాల వాళ్లలో ఎక్కువ, అక్కడ ఒకే ఒక్క మార్పు చాలామందిలో కనబడుతుంది. మనవాళ్లలో అరుదు, కానీ లేకపోలేదు. మాది మేనరికం కాదు. మేనరికాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది మాత్రం నిజం, ఎందుకంటే ఒకే తాతగారి పాడు ప్రతి రెండు వైపుల నుంచీ దిగి రావచ్చు. మా పెద్దమ్మాయికి పరీక్ష చేయిస్తే ఒక్క ప్రతే పాడై ఉందని వచ్చింది. దానికి ఏ జాగ్రత్తా అక్కరలేదు, దాని ఫిర్యాదల్లా తమ్ముడికి పడుకునే ముందు రెండో డిన్నరు దొరుకుతుందని.

కొబ్బరి సంగతి కూడా చాలామంది అడిగారు. కొబ్బరి నూనెలో ఎనిమిది కర్బనాల ఆమ్లం వందకు అయిదు నుంచి పది పాళ్లు ఉంటుంది. దాన్నే విడదీసి ఎంసీటీ నూనె అని బలానికి అమ్ముతుంటారు. మావాడి లాంటి పిల్లలకు అది వద్దు, ఎందుకంటే అది నేరుగా తెగని గడనే తెచ్చి ఇచ్చినట్టు. చట్నీలో వేసే కొబ్బరి వరకూ పర్వాలేదని మా డైటీషియన్ చెప్పారు. కేరళ స్నేహితుల ఇంట్లో భోజనానికి వెళ్లినప్పుడు మాత్రం ముందుగా ఒక మాట చెబుతాం.

ఎనిమిది కర్బనాల ఆమ్లానికి క్యాప్రిలిక్ ఆమ్లం అని ఇంకో పేరు ఉంది. లాటిన్ భాషలో కాప్రా అంటే ఆడమేక. మేకపాలల్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడ పిల్లలకు నచ్చే చమత్కారం ఒకటుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోనును కనుక్కున్నారు. కడుపు ఖాళీ అయితే అక్కడి నుంచే పుట్టి మెదడుకు కబురు తీసుకెళ్లే హార్మోను అది. ఈ హార్మోను పని చెయ్యాలంటే దానికి సరిగ్గా ఎనిమిది కర్బనాల తోక తగిలించాలి. ఆ తోక ఆక్టనాయిల్ కో-ఏ చేతి నుంచే వస్తుంది. తోక తగిలించే ఎంజైమును 2008లో కనిపెట్టినప్పుడు, దాని పొడుగాటి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఇంగ్లీషులో గోట్ అని వచ్చింది. గోట్ అంటే మళ్లీ మేకే! మావాడు ఇది విన్న దగ్గర నుంచి ఆకలేసినప్పుడల్లా "మే" అని అరుస్తున్నాడు. భరిస్తున్నాం.

బడి కార్యకర్తలకు ఒక చిన్న మనవి. వార్షికోత్సవం రోజున వంటగది అలమరలో ఎర్ర మూత డబ్బా ఒకటి పెడతాం. అందులో జ్యూసు డబ్బాలు, గ్లూకోజు పొడి, అత్యవసర ఉత్తరం ప్రతి ఉంటాయి. నాటిక ఆలస్యమై భోజనాలు తొమ్మిదింటికి జరిగినా మావాడికి ఏడింటికే ఏదో ఒకటి పెడతాం, దయచేసి ఎవరూ మొహమాటపడి మాకోసం వరుస ముందుకు జరపనక్కరలేదు. ఒకవేళ వాడు మత్తుగా, పిలిస్తే పలకకుండా ఉంటే మమ్మల్ని వెతకడంలో కాలం గడపకుండా ముందు 911కి ఫోను చేసి, ఆ ఉత్తరం అంబులెన్సు వాళ్ల చేతికి ఇవ్వండి. స్పృహలో లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మొదట ఆ ప్రశ్న వేసిన అమ్మాయికే చూపించాం. తెలుగు చదవడం ఇంకా పూర్తిగా రాదు కాబట్టి వాళ్ల నాన్నగారు చదివి వినిపించారు. అంతా శ్రద్ధగా విని, "అయితే ఆంటీ, ఆ మేక హార్మోను నాకు కూడా ఉంది కదా, పదకొండింటికి నాకూ ఆకలేస్తుంది, మరి నేనూ తినచ్చా?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. టీచరుగారిని అడగమన్నాం.